పదహారేళ్ల వయసులో ఏం తొడిగేవాళ్లం? ఐర్లండు వాళ్ల జ్ఞాపకాలు, మన సరిహద్దు ఊళ్ల జ్ఞాపకాలు

పర్లాకిమిడి వాసి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి డబ్లిన్‌లో నర్సుగా పనిచేస్తోంది. తనతో పనిచేసే ఐరిష్ ఆడవాళ్లలో యాభై దాటినవారు, తీరిక దొరికితే చాలు, బడిలో చదువుకునే రోజుల్లో ఏ బూట్ల కోసం ఇంట్లో పోరుపెట్టారో, ఏ స్వెట్టరు వేసుకుని మొదటిసారి డాన్సుకు వెళ్లారో ఎంతో ఇష్టంగా చెప్పుకుంటారట. అవన్నీ విన్న మా అమ్మాయి ఫోనులో, "నాన్నా, ఆ వయసులో మీరు ఏం తొడిగేవారు? అలా తొడగాలని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది.

నాకు తెలిసింది నేను చెప్పాను గాని, అది ఒక్క వీధి కుర్రాళ్ల కథే అవుతుంది. మన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ల సంగతి కొంచెం ప్రత్యేకమైనది. 1936లో ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పటి నుంచి ఇంట్లో తెలుగు, ప్రభుత్వ కచేరీలో ఒడియా, సినిమా హాల్లో తెలుగూ హిందీ రెండూ మన బతుకులో భాగమైపోయాయి. కాబట్టి మన కుర్రకారు వేషం శ్రీకాకుళం వాళ్లలా ఉండేదా, కటకం (కటక్) వాళ్లలా ఉండేదా, లేక మనకంటూ ఒక తీరు ఉండేదా అన్నది తెలుసుకోవాలని ఉంది. 1960 మొదలు 1990ల చివరి దాకా మీకు గుర్తున్నవి రాయండి. ఐర్లండులో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా ఈ సభలో ఉంటే, అక్కడి ముచ్చట్ల వెనక ఉన్న కథ కూడా చెబితే మా అమ్మాయికి చాలా సంతోషంగా ఉంటుంది.


బరంపురం మాస్టారు

అయ్యా, మంచి విషయం ఎత్తారు. నేను ఖల్లికోట కళాశాలలో చదువుకునే రోజులకు, అంటే 1960ల చివరికి, కుర్రవాళ్లందరూ గొట్టం ప్యాంట్లలో ఉండేవారు. మడమ దగ్గర ఎంత బిగుతుగా ఉంటే అంత గొప్ప. కొందరికి పాదం దూర్చడమే కష్టమయ్యేది. దాని మీదకు టెర్లిన్ చొక్కా. మన దేశంలో టెర్లిన్ నూలు తయారీ 1965లో మొదలైంది. అంతకుముందు ఆ గుడ్డ విదేశాల నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లోనే కనబడేది. ఉతికి ఆరేస్తే చూస్తుండగానే ఆరిపోవడం, ఇస్త్రీ అక్కరలేకుండా మడత నిలవడం, లోపలి బనియను లీలగా కనబడటం, ఇవన్నీ అప్పటి మా కళ్లకు కొత్త యుగం వచ్చినట్టే ఉండేవి. ఇంట్లో తమ్ముళ్లకు మాత్రం చౌకధరల దుకాణంలో ఇచ్చే కంట్రోలు గుడ్డతో నిక్కర్లు కుట్టించేవారు. అన్నదమ్ముల మధ్య ఆ తేడా చాలా బాధపెట్టేది.

మా ఊరికే చెందిన ఒక సంగతి చెప్పాలి. బరంపురం పట్టుకు దేశమంతటా పేరుంది. గుడి గోపురాల్లాంటి ఫోడా కుంభ అంచు చీరకూ, మగవాళ్లు కట్టే పట్టు ధోవతి, ఉత్తరీయాల జోడుకూ 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ మగ్గాల మీద తరతరాలుగా కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దేవాంగులు. నాతో చదివిన దేవాంగ కుర్రవాడు తెల్లవారుజామున తండ్రి పక్కన కూర్చుని పట్టు నేసి, తొమ్మిదింటికి టెర్లిన్ చొక్కా తొడుక్కుని కళాశాలకు వచ్చేవాడు. రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి జాతరలో మాత్రం అదే కుర్రవాడు పట్టు జోడు కట్టి అమ్మవారి వెంట నడిచేవాడు. ఆ వయసులోనే రెండు వేషాలనూ అంత హుందాగా మోయగలగడం నాకు ఇప్పటికీ గౌరవంగా అనిపిస్తుంది.

1970లలో గొట్టాలు పోయి బెల్ బాటమ్‌లు వచ్చాయి. 1973లో బాబీ విడుదలైన తరువాత కాలరు మొనలు భుజం వైపు సాగాయి, జుట్టు చెవులను కప్పింది. నా అభిప్రాయంలో మనకు ఫ్యాషను నేర్పింది సినిమాయే. అది వచ్చిన వరస కూడా రైలు దారిని బట్టే ఉండేది. కలకత్తా, మద్రాసుల మధ్య ప్రధాన మార్గం మీద ఉండటం వల్ల బరంపురానికి ముందు వచ్చేది. ఆ రోజుల్లో నౌపడ దగ్గర దిగి రెండడుగుల ఆరంగుళాల చిన్న రైలు ఎక్కితే పర్లాకిమిడి, ఆ పైన గుణుపురం. ఆ రైలు 1900లో పర్లాకిమిడికి, 1931లో గుణుపురానికి చేరింది. ఫ్యాషను కూడా అదే వరసలో, అంతే నిదానంగా చేరేది. బరంపురంలో పాతబడిన కాలరు గుణుపురంలో దసరాకు కొత్తగా కనబడేదని మేము అనుకునేవాళ్లం.


గాల్వే నుంచి

మాస్టారికి నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా ఐర్లండు పడమటి తీరంలో, గాల్వేలో ఉంటున్నాను. మీరు రైలు వరస గురించి రాసింది చదివాక ఇక్కడి పెద్దల మాటలే గుర్తుకొచ్చాయి. వాళ్ల కథ కూడా అంచున ఉన్న దేశం కథే.

ఇక్కడ సొంత టెలివిజన్ ప్రసారాలు 1961 డిసెంబరు 31న మొదలయ్యాయి. తూర్పు తీరంలో ఉన్నవాళ్లు ఇంటికప్పు మీద ఎత్తయిన ఏరియల్ కట్టుకుని బ్రిటన్ ఛానళ్లు కూడా పట్టేవారు. లండను కుర్రకారు పాటల కార్యక్రమాల్లో ఏం వేసుకుంటున్నారో డబ్లిన్ పిల్లలకు ఆ వారమే తెలిసేది. పడమటి పల్లెల పిల్లలకు ఆ అవకాశం ఉండేది కాదు. వాళ్లకు ఫ్యాషను వచ్చేది పార్సిల్ రూపంలో. అమెరికాకు వలసపోయిన మేనత్తలూ పినతల్లులూ ఏటా ఒక పెట్టె నిండా బట్టలు పంపేవారు. మెరిసే గౌన్లు, ఊళ్లో ఎవరూ చూడని రంగుల కోట్లు, కొలత కుదిరినా కుదరకపోయినా వాటినే సరిచేసుకుని తొడిగేవారు. ఆ పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసన గురించి ఒక వృద్ధురాలు నాకు చెబుతుంటే ఆమె గొంతు వణికింది.

రెండో ముఖ్యమైన మలుపు చదువు. 1967లో ప్రభుత్వం ఉన్నత పాఠశాల చదువును ఉచితం చేసింది. అంతకుముందు పద్నాలుగేళ్లకే పనిలోకి వెళ్లే పిల్లలు ఇంకో మూడు నాలుగేళ్లు బడిలో ఉండిపోయారు. అంతమంది ఒకే వయసువాళ్లు ఒకచోట చేరితే గాని ఫ్యాషను అన్నది పుట్టదు. బడిలో యూనిఫారం తప్పనిసరి. ఊలు స్కర్టు, స్వెట్టరు, టై. అందువల్ల పోటీ అంతా యూనిఫారం ఒదిలేసిన చోట్ల జరిగేది. బూట్లు, సంచీ, జుట్టు, స్కర్టు అంచును ఎంత పైకి మడతపెట్టారన్నది. బడి నడిపే నన్‌లు (క్రైస్తవ సన్యాసినులు) ఆ అంచును రోజూ చూసేవారట. 1969లో డబ్లిన్‌లోని మేరీ స్ట్రీట్‌లో పెన్నీస్ మొదటి దుకాణం తెరిచారు. ఇప్పుడు ఇతర దేశాల్లో ప్రైమార్క్ అని పిలుస్తున్నది అదే. సొంత డబ్బుతో ఒక పదిహేనేళ్ల పిల్ల గౌను కొనుక్కోగలగడం అక్కడి నుంచే సాధ్యమైందని ఇక్కడి ఆడవాళ్లు చెబుతారు.

స్వెట్టరు సంగతి అడిగారు. ఆరన్ దీవుల పేరుతో ఉన్న ఆ మందపాటి తెల్ల ఊలు స్వెట్టరు ఇక్కడి జాలరుల ఇళ్లలో అల్లినది. 1960ల మొదట్లో అమెరికాలో పాడుతున్న ఐరిష్ జానపద గాయకులు క్లాన్సీ సోదరులు దాన్ని వేదిక మీద వేసుకున్నాకే దానికి గిరాకీ పెరిగింది. ఇంట్లో అమ్మ అల్లిన స్వెట్టరును నామోషీగా చూసిన పిల్లలు, అది పరాయి దేశంలో మెచ్చుకోలు పొందాక గర్వంగా వేసుకున్నారు. బరంపురం పట్టు గురించి మాస్టారు రాసిన భాగం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

1970ల నడిమి భాగంలో బెల్ బాటమ్‌లు, ఎత్తు మడమల బూట్లు, స్కాట్లండు పాటల బృందం బే సిటీ రోలర్స్ వల్ల వచ్చిన గళ్ల గుడ్డ అంచులు. 1980లలో ఉద్యోగాలు లేక కుర్రవాళ్లు వలసపోయిన కాలం. అప్పుడు సరుకులు చవకగా దొరికే ఉత్తర ఐర్లండు పట్టణం న్యూరీకి బస్సుల్లో వెళ్లి జీన్సు కొనుక్కునేవారు. ఈ ప్రవాహాన్ని ఆపడానికి ప్రభుత్వం 1987లో, సరిహద్దు అవతల కనీసం 48 గంటలు గడిపితే గాని తెచ్చుకున్న సరుకులకు పన్ను మినహాయింపు లేదని నిబంధన పెట్టింది. కొత్త జీన్సు అక్కడే తొడుక్కుని, పాతది సంచీలో పెట్టుకుని తిరిగివచ్చిన కథలు సరిహద్దు జిల్లాల్లో ఇంటింటా ఉన్నాయి. 1990లో ఐర్లండు తొలిసారి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఆడి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లినప్పుడు దేశమంతా ఆకుపచ్చ జెర్సీయే. ఆ తరువాత గళ్ల ఫ్లానెల్ చొక్కాలు, డాక్టర్ మార్టెన్స్ బూట్లు. చదువు ముగిసిన ఏడు జరిగే డెబ్స్ అనే విందుకు మాత్రం ఆ పిల్లలందరూ పొడవాటి గౌన్లలో, అద్దె సూట్లలో కనబడేవారు. ఆ ఫోటో ప్రతి ఇంట్లోనూ గోడ మీద ఉంటుంది.


గుణుపురం ఆడపడుచు

మగవాళ్ల ప్యాంట్ల గురించి ఇంత రాశారు. ఆడపిల్లల సంగతి నేను రాస్తాను.

మాకు పన్నెండు పదమూడేళ్లకు గౌను మానిపించి పరికిణీ కట్టించేవారు, ఆ పైన ఓణీ. అమ్మ చీర కాస్త చిరుగు పట్టగానే దానితో నాకు పరికిణీ కుట్టేవారు, మిగిలిన ముక్కతో చెల్లికి గౌను. పరికిణీ అంచు దగ్గర రెండు మూడు టక్కులు వేసి కుట్టడం మా ఇళ్లలో తప్పనిసరి. ఏడాది గడిచి నేను ఎత్తు పెరిగితే ఒక టక్కు విప్పేవారు. విప్పిన చోట గుడ్డ రంగు వెలవకుండా కొత్తగా, గీత గీసినట్టు కనబడేది. ఆ గీతలు లెక్కపెడితే ఆ పరికిణీ ఎన్నేళ్ల పాతదో ఎవరికైనా తెలిసిపోయేది. అందుకని ఆ గీత మీద మెరుపు లేసు కుట్టుకోవడం మొదలుపెట్టాం. అది చూసి, టక్కులు లేని కొత్త పరికిణీలవాళ్లు కూడా లేసు కుట్టించుకున్నారు. ఫ్యాషను అంతా సినిమా నుంచే వచ్చిందని మాస్టారు రాశారు గాని, ఈ లేసు ఏ సినిమా నుంచీ రాలేదు. అవసరంలోంచి మేమే పుట్టించుకున్నాం.

జాకెట్టుకు బుట్ట చేతులు మాకు ప్రాణం. ఆది జాకెట్టు ఇచ్చి, బుట్ట ఇంకాస్త పొంగాలని దర్జీకి పదేపదే చెప్పేవాళ్లం. అస్తరు లోపల బకరం పెట్టమని బతిమాలేవాళ్లం. ఉతికితే బుట్ట కుంగిపోతుందని ఆ జాకెట్టును పండగలకే దాచుకునేవాళ్లం. కళ్లకు కాటుక, నుదుట సీసాలోని తిలకంతో పాములాగా పొడుగు బొట్టు, రెండు జడలకూ మడిచి కట్టిన రిబ్బన్లు. స్టికరు బొట్లు వచ్చాక తిలకం సీసాలు అద్దం గూట్లో ఎండిపోయాయి.

మా తరగతిలో సగం మంది ఒడియా పిల్లలు. వాళ్ల ఇళ్లలో ఓణీ అలవాటు లేదు. గౌను వయసు దాటితే చీరే. మా ఓణీలను వాళ్లు ముచ్చటగా చూసేవారు, వాళ్ల సంబల్‌పురి చీరలను మేము ఆశగా చూసేవాళ్లం. రజో పండగకు వాళ్ల పెరట్లో ఉయ్యాల ఊగడానికి వెళ్లినప్పుడు ఒకరి బట్టలు ఒకరం కట్టుకునేవాళ్లం. నా స్నేహితురాలు నా ఓణీ వేసుకుని వాళ్ల నాన్నమ్మ ముందు నిలబడితే ఆవిడ బుగ్గలు పుణికి, ఒక పావలా చేతిలో పెట్టారు. పర్లాకిమిడి వాసిగారు "మనకంటూ ఒక తీరు ఉండేదా" అని అడిగారు కదా. సంక్రాంతికి ఓణీ, రజోకు చీర, రెండూ ఒకే పిల్ల కట్టడమే ఆ తీరు అని నా నమ్మకం.

1980లలో పంజాబీ డ్రెస్ వచ్చింది. ఆ పేరుతో ఇళ్లలో పెద్ద గొడవలే జరిగాయి. సైకిలు తొక్కడానికి అనువుగా ఉంటుందని, చున్నీ ఓణీ కంటే నిండుగా ఉంటుందని వాదించి మా పిన్నమ్మ కూతురు మొదట ఒప్పించుకుంది. దాని తరువాత ఏడాది రెండేళ్లలోనే మా వీధిలో ఓణీలు పెళ్లిళ్లకే పరిమితమయ్యాయి.


రాయగడ దర్జీ గారబ్బాయి

అక్కయ్యగారు చెప్పినది పూర్తిగా నిజం. మా నాన్నగారికి రాయగడలో కుట్టు దుకాణం ఉండేది. నేను కాజాలు కుడుతూ పెరిగాను. కాబట్టి బల్ల అవతలి వైపు నుంచి కొన్ని మాటలు చెబుతాను.

సినిమా ప్రభావం ఎంతో ఉంది, కాదనను. కాని మా రాయగడకు కొత్త తీరులు తెచ్చినవాళ్లలో సగం మంది కర్మాగారాల కాలనీలవాళ్లు. 1962లో ఇక్కడ కాగితం మిల్లు వచ్చింది. 1964లో కొరాపుట్ దగ్గర సునాబెడలో మిగ్ విమానాల ఇంజిన్ల కర్మాగారం మొదలైంది. ఆ క్వార్టర్లకు బెంగాలు నుంచి, పంజాబు నుంచి, కేరళ నుంచి కుటుంబాలు వచ్చాయి. వాళ్ల పిల్లలు సెలవులకు ఊరు వెళ్లి తిరిగివచ్చేటప్పుడు తొడుక్కొచ్చిన చొక్కా మా దుకాణంలో నమూనా అయ్యేది. నాన్నగారు దాన్ని ఒక్క రాత్రికి అడిగి తీసుకుని, పాత వార్తాపత్రిక మీద పరిచి, చేయి గుండ్రం, కాలరు మొన, జేబు కోణం గీసుకుని, పొద్దున్నే ఇస్త్రీ చేసి తిరిగి ఇచ్చేవారు. బెల్ బాటమ్ కొలత కూడా ఆయనకు అలాగే తెలిసింది. గుణుపురం అక్కయ్యగారి పంజాబీ డ్రెస్ మాకు ఆ కాలనీల వల్ల ఇంకాస్త ముందే వచ్చింది.

ఇంకొక సంగతి గుడ్డ. ఏ ఫ్యాషనైనా తానులో ఎంత గుడ్డ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. బెల్ బాటమ్‌కు కాలి అంచు దగ్గర 24 అంగుళాలు, 26 అంగుళాలు, కొందరు మొండివాళ్లు 28 అంగుళాలు పెట్టమనేవారు. అంత గేరు పెట్టాలంటే మామూలు ప్యాంటు కంటే గుడ్డ ఎక్కువ కావాలి. తండ్రులు కొనిచ్చేది మామూలు కొలతే. నాన్నగారు మోకాలి కింద పక్క కుట్లలో వేరే ముక్కను త్రికోణంగా అతికి గేరు సాధించేవారు. రంగు కలవకపోతే, కావాలనే వేరే రంగు ముక్క వేసి అదే ఫ్యాషనని చెప్పేవారు, కుర్రవాళ్లు ఆనందంగా ఒప్పుకునేవారు. ప్యాంటు అంచు నేలకు రాసుకుని పోగులు లేవకుండా లోపలి వైపు పాత ఇత్తడి జిప్పు పళ్లు కుట్టించుకోవడం అందరికీ గుర్తుండే ఉంటుంది. సిమెంటు గచ్చు మీద నడుస్తుంటే అది సన్నగా గరగరమనేది.

1980లలో ఆ గేరంతా విప్పి సన్నం చేయించుకోవడానికి మళ్లీ అవే ప్యాంట్లు తెచ్చారు. ఒక్క ప్యాంటు రెండు ఫ్యాషన్లు చూసింది. కోసిన ముక్కలతో అమ్మ బడి సంచులు కుట్టేది. రెడీమేడ్ దుకాణాలు నిండిన తరువాత, 1990ల చివరికి, మా దుకాణంలో యూనిఫారాలు, రిపేర్లే మిగిలాయి. ఊళ్లో ఒక కుర్రవాడు తన కాలరు మొన ఎంత ఉండాలో తాను చెప్పి కుట్టించుకునే హక్కు ఆ రోజులతో పోయింది. నాకు నిజంగా లోటుగా అనిపించేది అదే.


పర్లాకిమిడి వాసి

అందరికీ ధన్యవాదాలు. ఈ జవాబులన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. అమెరికా పార్సిల్ గురించి తన తోటివాళ్లను అడిగితే ఇద్దరు ముగ్గురు వెంటనే తమ ఇంటి కథలు చెప్పారట. మా వైపు సంగతి ఒకటి కలుపుతాను. కొమ్ము పనికి మా ఊరికి పేరు కాబట్టి, బెల్ బాటమ్ వెనక జేబులో కొమ్ము దువ్వెన సగం బయటికి కనబడేలా పెట్టుకోవడం మా కుర్రాళ్ల గుర్తు. బట్టలకు పాతపట్నం దాటి వెళ్లినా, దువ్వెన మాత్రం మా ఊరిదే ఉండాలి.

దర్జీ గారబ్బాయికి ఒక ప్రశ్న. మా మేనమామ స్టూడియో ఫోటో ఒకటి దొరికింది, తేదీ లేదు. బట్టలను బట్టి అది ఏ కాలం నాటిదో చెప్పగలమా?


రాయగడ దర్జీ గారబ్బాయి

చాలావరకు చెప్పవచ్చు. ప్యాంటు మడమ దగ్గర బిగిసి, బూటు మొత్తం కనబడుతుంటే 1960ల నాటిది. కాలరు మొనలు పొడుగ్గా సాగి, నడుముకు వెడల్పు బెల్టు, చెవుల మీద జుట్టు ఉంటే 1974 నుంచి 1979 దాకా అనుకోవచ్చు. నడుము దగ్గర ప్లీట్లు వేసి వదులుగా ఉండి, కింద సన్నబడితే 1980ల చివరిది. అయితే మన వైపు ఏ తీరైనా కాస్త ఆలస్యంగా వచ్చి ఎక్కువకాలం నిలిచేది కాబట్టి రెండు మూడేళ్లు కలుపుకోవాలి. స్టూడియోవాళ్లు కోటు, టై, కళ్లద్దాలు తామే ఇచ్చేవారు, కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకండి. చెప్పులు, ప్యాంటు, చొక్కా కాలరు మాత్రమే మనిషి సొంతవి. ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉందేమో ముందు చూడండి. కాలరు, ప్యాంటు అంచు స్పష్టంగా కనబడేలా స్కాన్ చేసి పంపితే నాన్నగారికి చూపిస్తాను. ఆయనకు చూపు మందగించింది గాని, కాలరు మలుపు చూసి అది ఏ ఊరి కత్తెరో ఇప్పటికీ చెప్పగలరు.